కాగితాల్లో 1965, కారు కింద 1966

నా ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు రిజిస్ట్రేషన్ కాగితాల్లో తయారీ సంవత్సరం 1965 అని ఉంది. ఆ అంకెను నమ్మి ముందు చక్రాలను ఇరుసుకు కలిపి కదలనిచ్చే కింగ్ పిన్నులు, లింక్ పిన్నుల సెట్టు తెప్పించాను. పెట్టె వచ్చిన సాయంత్రమే కారును స్టాండ్ల మీదికి ఎత్తి, చక్రమూ డ్రమ్మూ ఊడదీసి, ఏళ్ల తరబడి మట్టీ గ్రీజూ కలిసి గట్టిపడిన పొరను గీకుతూ పోతే, లింక్ పిన్ను తల కనిపించవలసిన చోట ఒక గుండ్రటి రబ్బరు బూటు బయటపడింది. దాని లోపల ఉన్నది బాల్ జాయింటు, అంటే ఆ పిన్నుల పనినే గిన్నెలో తిరిగే గుండుతో చేసే కీలు. తెప్పించిన సెట్టులోని ఒక్క వాషరు కూడా ఇమిడే చోటు ఆ కారులో లేదు. పెట్టెను మళ్లీ కట్టి అరమీద పెట్టి, కారు పక్కనే నేల మీద చాలాసేపు కూర్చున్నాను.

పొరపాటు కాగితాలది కాదు, సెట్టు అమ్మినవారిది అంతకన్నా కాదు. ఫోక్స్‌వ్యాగన్ సంస్థ 1955 నుంచి తన మోడల్ సంవత్సరాన్ని ఆగస్టులో మొదలుపెడుతూ వచ్చింది. వేసవి సెలవుల తరవాత కర్మాగారం తిరిగి తెరిచేసరికి ఆ ఏటి మార్పులు చాలావరకు కొత్త కార్లలోకి వచ్చేసేవి. అందువల్ల 1965 జూన్‌లో తయారైన బీటిల్, అదే ఏడాది అక్టోబరులో తయారైన బీటిల్ కాగితాల మీద ఒకే ఈడువిగా కనిపించినా, విడిభాగాల లెక్కలో వేర్వేరు తరాలవి. లింక్ పిన్నులు పోయి బాల్ జాయింట్లు వచ్చినదీ, 40 హార్స్‌పవర్ 1300 సీసీ ఇంజిను వచ్చినదీ, చక్రాల రేకుకు చుట్టూ గాలి రంధ్రాలు వచ్చినదీ 1965 ఆగస్టులోనే. అంటే నా కారు 1965 చివరి నెలల్లో పుట్టిన 1966 మోడల్ అన్నమాట. విడిభాగాల పుస్తకం తెరిచినప్పుడు అక్కరకు వచ్చేది ఈ రెండో అంకె.

ఆ సంగతి తెలుసుకోవడానికి బాల్ జాయింటు దాకా పోనక్కరలేదని తరవాత అర్థమైంది. వెనక సీటు ఎత్తితే, కారు నడుమ వెన్నెముకలా సాగే టన్నెల్ మీద చాసిస్ నంబరు చెక్కి ఉంటుంది. కారు జాతకం అక్కడే ఉంది. 1964 ఆగస్టు నుంచి, అంటే 1965 మోడళ్ల నుంచి, ఆ నంబరుకు తొమ్మిది అంకెలు. మొదటి రెండూ 11, అది బీటిల్ అని చెప్పడానికి; మూడోది మోడల్ సంవత్సరపు చివరి అంకె; మిగిలిన ఆరూ వరస సంఖ్య. 1970 మోడళ్లకు వచ్చేసరికి వరస సంఖ్యకు ఇంకో అంకె చేరి మొత్తం పది అయ్యాయి. నా కారు నంబరు 116తో మొదలవుతుంది. సీటు ఎత్తి, చాప తీసి, తుప్పు పొడి తుడిచి చూడడానికి నాకు పట్టిన సమయం పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ముందే వెచ్చించి ఉంటే ఆ పెట్టె నా ఇంటికి వచ్చేది కాదు.

అయితే చాసిస్ నంబరు చదవగానే పని అయిపోయిందని అనుకోవడం నేను చేసిన రెండో పొరపాటు. ఇంత పాత కారును ఎంతమంది చేతులు తాకి ఉంటాయో, అందులో ఎవరెవరు ఏమేమి మార్చి ఉంటారో చాసిస్ నంబరు చెప్పదు. స్టెప్నీతో కలిపి అయిదు చక్రాలనూ కడిగి చూస్తే, రేకు మీద ముద్రించిన నెల, ఏడాది గుర్తుల్లో మూడింటివి మాత్రమే కారు పుట్టిన కాలానికి సరిపోయాయి. మిగతా రెండూ ఇంకో కారు నుంచి వచ్చినవి. ఇంజిను నంబరు జనరేటరు కూర్చునే పీఠానికి సరిగ్గా కింద, ఇంజిను కేసు (బయటి పెంకు) మీద ఉంటుంది. దాని ముందరి అక్షరం డి అయితే 34 హార్స్‌పవర్ 1200, ఎఫ్ అయితే 40 హార్స్‌పవర్ 1300, హెచ్ అయితే 44 హార్స్‌పవర్ 1500. నా కారుకు ఉండవలసినది ఎఫ్. ఉన్నది హెచ్. ఆ ఇంజిను 1966 ఆగస్టు తరవాతి కార్లలో వచ్చినది కనుక, కారు కన్నా దాని గుండె కనీసం ఒక మోడల్ సంవత్సరం చిన్నది. ఇక పుట్టినప్పుడు 6 వోల్టులున్న విద్యుత్ వ్యవస్థను ఎవరో, ఎప్పుడో 12 వోల్టులకు మార్చారు. ఒక్క పైకప్పు కింద మూడు కార్లు కాపురం ఉంటున్నాయని తేలింది.

అక్షరం కూడా కేసు సంగతే చెబుతుంది గాని, కేసు లోపల ఎవరు ఏ సిలిండర్లు బిగించారో చెప్పదు. ఈ ఇంజిన్లలో 1200కు పిస్టన్ వ్యాసం 77 మిల్లీమీటర్లు, కదలిక 64, 1300కు వ్యాసం అదే 77, కదలిక మాత్రం 69, 1500కు 83, 69, 1600కు 85.5, 69. ఇంజిను తల ఊడదీసిన రోజున నేను మొదట చేసిన పని వెర్నియర్ కాలిపరు పెట్టి సిలిండరు నోరు కొలవడం. 83 వచ్చింది. అంతవరకు హెచ్ అనే అక్షరాన్ని నమ్మి రింగులు తెప్పించకుండా చేతులు కట్టుకుని కూర్చోవడమే నా అనుభవం నేర్పిన కొద్దిపాటి తెలివి.

అప్పటి నుంచి నోటుపుస్తకంలో ఒక్కో వ్యవస్థకు ఒక్కో పేజీ కేటాయించి, పైన దాని ఏడాది రాసుకున్నాను. ముందు ఇరుసు, స్టీరింగు, బ్రేకులు, గేరుబాక్సు 1966 మోడల్ పేజీలో. ఇంజిను 1967 పేజీలో. వైరింగుకు సంవత్సరం లేదు, అక్కడ కంటితో చూసినదే ప్రమాణం. ఏ పార్టు కావలసి వచ్చినా ముందు అది ఏ పేజీలోదో చూసుకుంటాను.

పార్టు మీద సంఖ్య దొరికితే సగం పని అయినట్టే, దాన్ని చదవడం తెలిస్తే. ఫోక్స్‌వ్యాగన్ వారి పాత సంఖ్యలను మూడేసి అంకెలుగా విడగొట్టి చూడాలి. ముందు ఎడమ మడ్‌గార్డుకు 111 821 021 అని ఉంటుంది. మొదటి మూడూ ఆ భాగాన్ని ఏ రకం బండి కోసం మొదట గీశారో చెబుతాయి. నడిమి మూడింటిలో మొదటి అంకె ప్రధాన విభాగం: 1 ఇంజిను, 3 గేరుబాక్సు, 4 ముందు ఇరుసు, 6 చక్రాలు, బ్రేకులు, 8 బాడీ, 9 విద్యుత్తు. చివరి మూడూ ఆ విభాగంలో ఆ భాగానివి. జతగా వచ్చే వాటిలో బేసి సంఖ్య ఎడమది, సరి సంఖ్య కుడిది, డ్రైవరు సీటులో కూర్చున్నవాడి ఎడమ, కుడి. అందుకే కుడి మడ్‌గార్డు 022 అవుతుంది. సంఖ్య తరవాత ఒక అక్షరం ఉంటే, ఆ భాగాన్ని తరవాత ఏదో సవరించారని అర్థం. ఆ అక్షరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. చాలా సందర్భాల్లో తరవాతి అక్షరం ముందరి దాని స్థానంలో పనిచేస్తుంది. కొన్నిట్లో ఒక రంధ్రం జరిగి ఉంటుంది, ఆ ఒక్క రంధ్రమే మనకు కావలసినది అయి ఉంటుంది.

మొదటి మూడు అంకెల విషయంలో కొత్తవారు తొందరపడడం తరచు చూస్తుంటాను. 211 అని మొదలైతే అది వ్యానుది కాబట్టి మన కారుకు పనికిరాదని పక్కన పెట్టేస్తారు. ఆ అంకెలు పార్టు పుట్టిల్లును చెబుతాయే గాని మెట్టిల్లును కాదు. వ్యాను కోసం మొదట గీసి, తరవాత కారుకు కూడా వాడిన భాగాలు ఉన్నాయి; వాటికి పాత సంఖ్యే కొనసాగింది. విద్యుత్తు భాగాల మీద బాష్ సంస్థ సంఖ్య విడిగా ఉంటుంది. స్పార్కును ఒక్కో సిలిండరుకు పంచే నా డిస్ట్రిబ్యూటరు మీద 0 231 178 009 అని ఉంది. ఇది బీటిల్ లోకంలో అందరికీ చిరపరిచితమైన సంఖ్య. వాక్యూమ్‌తో కాక బరువుల విసురుతో మాత్రమే స్పార్కును ముందుకు జరిపే రకం. దాన్ని మార్చే పని పెట్టుకోకుండా, కార్బురేటరు వైపున ఖాళీగా ఉన్న వాక్యూమ్ గొట్టం నోటికి టోపీ గట్టిగా ఉందో లేదో చూసి వదిలేశాను.

సంఖ్య ఉన్నా కనిపించకపోవడమే ఎక్కువ. పార్టు దొరికిన వెంటనే ఉక్కు తీగల బ్రష్షుతో రుద్దడం నాకు మొదట్లో ఉన్న దురలవాటు. దానితో తుప్పుతో పాటు లోతు తక్కువ అంకెలు కూడా పోతాయి. ఇప్పుడు కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, ఇత్తడి బ్రష్షుతో మెల్లగా కడిగి, ఆరాక సుద్దముక్క అడ్డంగా రాసి, బొటనవేలితో పైపైన తుడుస్తాను. పై తలం నల్లగా మిగిలి, అంకెల గుంటల్లో తెల్లదనం నిలుస్తుంది. అయినా కనిపించకపోతే గదిలో దీపం ఆర్పి, టార్చిని దాదాపు తలానికి ఆనించి పక్కనుంచి వెలుతురు పంపితే నీడల్లో అంకెలు లేస్తాయి. కార్బురేటరు ఒంటి మీద 30 పిక్ట్-1 అన్న అక్షరాలు నాకు అలాగే దొరికాయి. అది 1966, 1967 మోడళ్లకు తగినదే కనుక, ఆ ఒక్క చోట కారూ ఇంజినూ ఏకాభిప్రాయానికి వచ్చినందుకు సంతోషించాను.

కొత్త పార్టు ఇంటికి వచ్చాక దాన్ని పాతదాని పక్కన పెట్టి కొలవకుండా కారు దగ్గరికి తీసుకుపోవడం మానేశాను. పొడవు, వ్యాసం, మర సైజు, రంధ్రాల నడిమి దూరం, బరువు కూడా. ముందు బ్రేకు హోసు విషయంలో ఈ అలవాటు నన్ను కాపాడింది. కొత్తది చివరల మర సరిపోయింది, చూపుకు అచ్చం పాతదే, కాని రెండు సెంటీమీటర్లు పొడవు. అంత చిన్న తేడా ఏం చేస్తుందిలే అనిపించింది. అయినా బిగించి, స్టీరింగును ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పి చూస్తే, పూర్తిగా తిరిగిన చోట హోసు ఒంపు వచ్చి టైరు లోపలి గోడను తాకింది. నిలబడిన కారులో అది చిన్న ముద్దు. పరుగెత్తే కారులో కొన్ని వందల మైళ్లకు రబ్బరు అరిగిపోయి బ్రేకు ద్రవం నేల పాలవుతుంది. పార్టు బిగిసినంత మాత్రాన సరిపోయినట్టు కాదు, అది కదిలే దారంతా కదిలించి చూశాకే సరిపోయినట్టు.

ఇక బాల్ జాయింట్లు. అవి ఇరుసు చేతుల్లోకి ప్రెస్సుతో దించవలసినవి. సుత్తితో కొడితే కొత్తది అక్కడే పాడవుతుంది. చేతులు ఊడదీసి మెషిన్ షాపుకు పట్టుకుపోయాను. ప్రెస్సు దగ్గరున్న పెద్దాయన పాతదాన్ని బయటికి తోసేటప్పుడు మీటరు ముల్లు ఎంత దూరం పోయిందో చూసి, కొత్తదాన్ని వేలితో రంధ్రం మీద ఆనించి, “పాతది ఎంత బలవంతంగా వచ్చిందో చూశావు కదా బాబూ, కొత్తది అంతకన్నా తేలిగ్గా దిగితే అది నీది కాదు” అన్నారు. ఒకటి నిజంగానే తేలిగ్గా దిగబోయింది. ఆయన ఆపి, రంధ్రాన్ని లోపలి మైక్రోమీటరుతో కొలిచి, ఇది ఇంతకుముందే ఒకసారి మార్చిన చెయ్యి, దీనికి కాస్త లావు రకం జాయింటు కావాలని తేల్చారు. లావు రకం వచ్చేదాకా పని వారం ఆగింది. బిగించేటప్పుడు పై జాయింటుకు ఉండే అసమకేంద్రపు బుష్షు గాటు ముందు వైపు చూసేలా పెట్టుకున్నాను. అది క్యాంబరుకు, అంటే చక్రం లోపలికో బయటికో వాలే కోణానికి, మొదటి స్థానం, అసలు కొలత తరవాత చక్రాల అలైన్‌మెంటులో తేలుతుంది.

ముందు ఎడమ చక్రం బేరింగు నట్టు దగ్గర ఒక మాట. ఆ ఒక్క చక్రానికి ఎడమ మర. స్పీడోమీటరు తీగ కూడా ఆ చక్రం ఇరుసు నడుమ నుంచే వచ్చి, దుమ్ము మూతలోని చదరపు రంధ్రంలో కొలువుంటుంది. ఆ చిన్న పిన్ను తీయకుండా మూతను లాగితే తీగ తెగుతుంది. నట్టు రావడం లేదని పానాకు గొట్టం తగిలించి బలం పెంచే ముందు, అది ఏ చక్రమో ఒకసారి చూసుకోవాలి. నేను చూసుకున్నాను, రెండో ప్రయత్నంలో.

ఇంజిను కొసన ఉండే బరువైన పళ్ల చక్రం ఫ్లైవీలు. దాని వైపు నుంచి నూనె కారుతున్నందువల్ల ఇంజినును దించక తప్పలేదు. బీటిల్ ఇంజిను నాలుగు బోల్టుల మీద నిలబడుతుందని చెబితే చాలామంది నమ్మరు. నాలుగు బోల్టులే, కాని పైన ఉన్న రెండింటిలో ఒకటి చేతికి అందదు, కంటికి కనిపించదు. ఇంజిను ఎలాగూ కిందికి వచ్చింది కనుక స్టార్టరు కూడా కొత్తది వేద్దామనుకున్నాను. కారు 12 వోల్టులది కాబట్టి 12 వోల్టుల స్టార్టరు తెప్పిస్తే సరిపోతుందని చెయ్యి ఆర్డరు దాకా పోయింది. లింక్ పిన్నుల పెట్టె అరమీద నుంచి చూస్తోంది. ఆగి, ఫ్లైవీలును నేల మీద పడుకోబెట్టి, ఒక పంటి మీద సుద్ద గుర్తు పెట్టి, చుట్టూ పళ్లు లెక్కపెట్టాను. మొదటిసారి 109, రెండోసారి 110, మూడోసారి పదేసి పళ్లకు ఒక సుద్ద గీత పెట్టుకుంటూ లెక్కపెడితే మళ్లీ 109.

109 పళ్లంటే 6 వోల్టుల కారు ఫ్లైవీలు. 12 వోల్టుల కార్లలో వచ్చేది పెద్దది, దానికి 130 పళ్లు. కారును 12 వోల్టులకు మార్చినవారు బ్యాటరీ, జనరేటరు, బల్బులు మార్చి, కింద ఫ్లైవీలునూ స్టార్టరునూ పాతవే ఉంచేశారు. 1500 ఇంజినును బిగించినప్పుడు దాని సొంత ఫ్లైవీలును తీసేసి ఈ చిన్నదాన్నే తగిలించారు. ఇందులో తప్పేమీ లేదు. 6 వోల్టుల స్టార్టరు 12 వోల్టుల మీద కాస్త ఎక్కువ ఆవేశంతో తిరుగుతుంది, నిమిషాల తరబడి తిప్పకపోతే చాలాకాలం మన్నుతుంది. 130 పళ్లది వేయాలంటే ఆ కాలపు గేరుబాక్సుకు ఫ్లైవీలును కప్పే గంట ఆకారపు గూడు లోపలి గోడను దానికి తగలకుండా అరగదీయాలి, స్టార్టరు కొస తిరిగే బుష్షును కూడా కొత్త స్టార్టరుకు తగ్గదిగా మార్చాలి. నాకు అంత అవసరం కనబడలేదు. పాత స్టార్టరుకే కొత్త బ్రష్షులు, కొత్త బుష్షు వేసి పెట్టాను. 12 వోల్టుల స్టార్టరు తెప్పించి ఉంటే దాని పళ్లచక్రానికి ఈ ఫ్లైవీలుతో పొత్తు కుదిరేది కాదు.

నూనె కారడానికి కారణం వెతుకుతూ ఇంజిను ప్రధాన ఇరుసైన క్రాంకు షాఫ్టును ముందుకూ వెనక్కూ లాగి చూస్తే చేతికే తెలిసేంత ఆట, అంటే అటూ ఇటూ జరిగే సందు, ఉంది. డయల్ గేజి పెడితే 0.19 మిల్లీమీటర్లు. ఉండవలసినది 0.07 నుంచి 0.13 లోపు. ఈ ఆటను నిర్ణయించేవి ఫ్లైవీలుకూ మొదటి మెయిన్ బేరింగుకూ నడుమ కూర్చునే మూడు పల్చటి ఉంగరాలు, అంటే షిమ్ములు. మూడే ఉండాలి, రెండు కాదు, నాలుగు కాదు. మందం 0.24, 0.30, 0.32, 0.34, 0.36 అంటూ రకరకాలుగా దొరుకుతాయి. ఏ మూడు వేయాలన్నది ప్రతి ఇంజినుకూ విడిగా కొలిచి తేల్చుకోవలసిందే. ముందు ఆయిల్ సీలును వేయకుండా, రెండు షిమ్ములు మాత్రమే పెట్టి, గాస్కెటుతో సహా ఫ్లైవీలు తగిలించి, నట్టు బిగించి, ఆట కొలవాలి. నాకు 0.45 వచ్చింది. కావలసిన ఆట 0.10 అనుకుని తీసివేస్తే 0.35. అంత మందం షిమ్ము లేదు. 0.34 వేస్తే ఆట 0.11, 0.36 వేస్తే 0.09, రెండూ హద్దులోవే. 0.34 అని చెక్కి ఉన్నదాన్ని మైక్రోమీటరులో పెడితే 0.36 చూపింది. పెట్టెలోని షిమ్ము తప్పనుకుంటూ తిప్పి చూస్తే అంచున గోటికి తగిలేంత గరుకు ఉంది. నూనె రాయి మీద నాలుగుసార్లు చదునుగా రుద్దాక 0.34కు దిగింది. గరుకు ఉన్నదాన్ని అలాగే వేసి ఉంటే ఆ రోజు కొలత సరిగ్గా కనిపించి, గరుకు అరిగాక ఆట మళ్లీ పెరిగేది.

సీలు కిట్టులో పల్చటి గాస్కెటు, ఓ-రింగు రెండూ వస్తాయి. వచ్చాయి కదా అని రెండూ వేయకూడదు. ఫ్లైవీలు లోపల ఓ-రింగు కూర్చునే గాడి ఉంటే ఓ-రింగు, గాడి లేకపోతే గాస్కెటు. నాది గాడి లేని రకం. ఆ తరవాత నడిమి నట్టు. దాన్ని దాదాపు 300 న్యూటన్ మీటర్లకు బిగించాలి. అంటే మీటరు పొడవున్న గొట్టం చివర సుమారు 30 కిలోల బరువు వేలాడినంత. ఆ నట్టు కడుపులోనే గేరుబాక్సు షాఫ్టు కొసను మోసే సూదుల బేరింగు ఉంటుంది. అందులో చిటికెడు గ్రీజు చాలు, ఎక్కువ పెడితే అది చిమ్మి క్లచ్చు పలక మీద పడుతుంది. వెనక చక్రాల ఇరుసు నట్లకూ ఇంతే బలం, ఇదే 36 మిల్లీమీటర్ల పానా. అక్కడ స్ప్లిట్ పిన్ను రంధ్రం ఎదురు రాకపోతే నట్టును ఇంకాస్త బిగించి తరవాతి గాడిని తెచ్చుకోవాలి, వదులు చేసి కాదు.

బలం ఎక్కడ తగ్గించాలో కూడా అంతే ముఖ్యం. ఇంజిను కేసు మెగ్నీషియం మిశ్రమంతో చేసినది. సిలిండరు తలల నట్లను చేతి అంచనాతో బిగిస్తే స్టడ్డు (తల లేని బోల్టు) కేసులోని మరనంతా చుట్టుకుని బయటికి వస్తుంది. టార్కు రెంచి లేకుండా ఈ ఇంజిను ముట్టుకోవద్దని ఎవరైనా అడిగితే చెబుతాను, అడగకపోయినా చెబుతాను. అలాగే బోల్టుల తల మీది అంకెలు. 8.8 అంటే చదరపు మిల్లీమీటరుకు 800 న్యూటన్ల లాగుడు బలం, అందులో 0.8 వంతు, అంటే 640 దగ్గర అది శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది. పాత బోల్టు తల మీద 10.9 ఉంటే, దాని స్థానంలో మెరిసే స్టెయిన్‌లెస్ బోల్టు చూడముచ్చటగా ఉందని బిగించడం అందం కోసం ప్రాణం పణంగా పెట్టడమే. మడ్‌గార్డులకు పెట్టుకోండి, బ్రేకులకూ స్టీరింగుకూ వద్దు.

కొత్తగా అచ్చుపోసి అమ్మే భాగాల మీద నాకు ఒక అభిప్రాయం ఏర్పడింది. రబ్బరు, బ్రేకు సిలిండర్లు, సీళ్లు, హోసులు ఎప్పుడూ కొత్తవే. గోదాములో ముప్పై ఏళ్లు పడుకున్న “అసలు” హోసు కన్నా నిన్న తయారైనది మేలు. పెట్రోలు హోసు విషయంలో మరీ. వెనక ఇంజిను మీద పెట్రోలు కారితే పర్యవసానం ఏమిటో చెప్పనక్కరలేదు, కార్బురేటరులోకి పెట్రోలు వచ్చే ఇత్తడి గొట్టం వదులైందేమో వేళ్లతో లాగి చూడడం కూడా మరవకూడదు. రేకు, కార్బురేటరు, తలుపు గడియలు మాత్రం వాడినవైనా అసలువే నాకు ఇష్టం. కొత్త మడ్‌గార్డు ఒకటి తెప్పిస్తే బోల్టు రంధ్రాల్లో రెండు కుదరలేదు, హెడ్‌లైటు గిన్నె ఒక పక్కకు వాలింది. రంగు వేయకముందే తగిలించి చూశాను కనుక తిప్పి పంపగలిగాను.

అన్నీ బిగించాక ఇంజిను ఒక్క తిప్పుకే అందుకుంది, నలభై సెకన్లకు ఆగిపోయింది. వేడెక్కాక బాగానే నడిచేది, చల్లగా ఉన్నప్పుడు మాత్రం రోజూ అదే వరస. రెండు వారాలపాటు కార్బురేటరును అనుమానించాను. గాస్కెట్లు మార్చాను, జెట్లు ఊదాను, మ్యానిఫోల్డు కీళ్ల మీద సబ్బు నీళ్లు చల్లి గాలి పీలుస్తోందేమో చూశాను. ఒకరోజు గాలి వడపోత తీసి, స్టార్టు చేసి, చల్లటి ఇంజినుకు గాలి తగ్గించే చోకు రేకునే కళ్లార్పకుండా చూస్తూ నిలబడ్డాను. మూసుకుని ఉండవలసిన రేకు, చూస్తుండగానే తలుపు తీసినట్టు లేచి నిటారుగా నిలబడింది. ఇంజిను ఇంకా చేతికి చల్లగానే ఉంది.

చోకును తెరిచేది పక్కన గుండ్రటి మూతలో ఉండే, వేడికి వంగే ద్విలోహపు స్ప్రింగు. దాన్ని వేడిచేసేది అదే మూతలోని విద్యుత్ తీగ. మూడు స్క్రూలు తీసి, మూతను వెలుతురులో తిప్పి చూస్తే, అంచు మీద మురికి కింద 6 వోల్టుల ముద్ర ఉంది. నిరోధం మారకుండా వోల్టేజి రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. నిమిషాల్లో తెరుచుకోవలసిన చోకు సెకన్లలో తెరుచుకుంటోంది, చల్లటి ఇంజినుకు కావలసిన చిక్కటి మిశ్రమం అందక అది ఆగిపోతోంది. కారును 12 వోల్టులకు మార్చినవారి కంటికి ఈ చిన్న మూత ఆనలేదు; వైరింగు పేజీలో బల్బుల వరకు రాసుకున్న నా కంటికీ ఆనలేదు. 12 వోల్టుల మూత తెప్పించి, స్ప్రింగు కొక్కెం లోపలి మీటకు తగిలేలా పెట్టి, మూత మీది గీతను ఒంటి మీది నడిమి గాటుకు ఎదురుగా తెచ్చి స్క్రూలు బిగించాను. మర్నాడు పొద్దున అది ఆగలేదు.

లింక్ పిన్నుల పెట్టె అరమీద ఏడాదిన్నర ఉంది. ఈ మధ్య, తన దగ్గర 1965 బీటిల్ ఉందని, ఆ సెట్టు కావాలని ఒకాయన అడిగారు. కాగితాల్లో 1965 అని ఉందా అంటే అవునన్నారు. వెనక సీటు ఎత్తి టన్నెల్ మీది నంబరులో మొదటి మూడంకెలు చదవమన్నాను. కాసేపటికి 115 అన్నారు. అయినా ఒకసారి చక్రం ఊడదీసి, గ్రీజు తుడిచి, ఫొటో తీసి పంపండి అన్నాను. ఇంత సందేహం ఎందుకని ఆయన కొంచెం నొచ్చుకున్నట్టే అనిపించింది. రెండు రోజులకు ఫొటో వచ్చింది. నడుమ, మట్టిలోంచి, లింక్ పిన్ను తల స్పష్టంగా కనిపిస్తోంది. అప్పుడు పెట్టె కట్టాను.